మెష్‌కు ముందు మరమ్మతు: క్యాడ్ మోడల్‌లో సందులు ఎందుకు పుడతాయి, ఎంతవరకు పూడ్చాలి

తెరపై నున్నగా, ఎక్కడా లోపం లేకుండా కనిపించిన క్యాడ్ మోడల్ (కంప్యూటర్‌లో గీసిన త్రీడీ ఆకారం) మెషింగ్ దగ్గరికి, అంటే లెక్క కోసం దాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టే దశకు వచ్చేసరికి మొరాయిస్తుంది. వాల్యూమ్ మూసుకోలేదని, ఫలానా ఫేస్‌పై (ఆకారపు ఒక ముఖంపై) మెష్ పడలేదని సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపిస్తుంది. డిజైన్ చేసినవాళ్లు "మా దగ్గర బాగానే ఉంది" అంటారు. అనాలిసిస్ చేసేవాళ్లు "మాకు పాడైపోయి వచ్చింది" అంటారు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. ఒకే ఆకారం ఒక సాఫ్ట్‌వేర్ లెక్కలో చక్కగా మూసుకున్న సాలిడ్, ఇంకో సాఫ్ట్‌వేర్ లెక్కలో చిల్లులు పడ్డ డొల్ల. ఇందుకు కారణం ఎవరి అజాగ్రత్తా కాకపోవచ్చు. వంపు తిరిగిన తలాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతిలోనే ఆ కారణం ఉంది. ఆ సంగతి తెలియకపోతే మరమ్మతు అంటే ఎర్ర గీతలు కనిపించకుండా చేసే మౌస్ పని అనిపిస్తుంది. నిజానికి అందులో దాదాపు ప్రతి క్లిక్కూ ఆకారాన్ని ఎంతో కొంత మారుస్తుంది. ఎంత మార్పు ఫర్వాలేదో జామెట్రీని చూసి తేల్చలేం. ఆ సిమ్యులేషన్ ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోందో దాన్ని బట్టే తేలాలి.

ఈ పనికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1999లో చేయించిన అధ్యయనం ప్రకారం, ఒక్క ఆ దేశపు ఆటోమొబైల్ సరఫరా గొలుసులోనే డిజైన్ ఫైళ్లు ఒకరి నుంచి ఇంకొకరికి సరిగ్గా చేరకపోవడం వల్ల ఏడాదికి కనీసం 100 కోట్ల డాలర్ల నష్టం వస్తోంది. అందులో సింహభాగం పనికిరాని ఫైళ్లను బాగుచేయడానికీ, మళ్లీ గీయడానికీ పోయిందే. 2005లో థామస్ హ్యూస్ బృందం ఐసోజియోమెట్రిక్ అనాలిసిస్ అనే కొత్త పద్ధతిని ప్రతిపాదించినప్పుడు చూపిన ప్రధాన కారణం కూడా ఇదే. విమాన, వాహన, నౌకా పరిశ్రమల్లో మొత్తం విశ్లేషణ సమయంలో దాదాపు 80 శాతం మోడల్‌ను సిద్ధం చేసి మెష్ వేయడానికే పోతోందని వారు రాశారు. 2014లో వెలువడిన నాసా సీఎఫ్‌డీ (ద్రవ, వాయు ప్రవాహాలను కంప్యూటర్‌పై లెక్కించడం) విజన్ 2030 నివేదిక కూడా మెష్ తయారీని పెద్ద అడ్డంకుల్లో ఒకటిగా లెక్కించింది. హైదరాబాద్, బెంగళూరు, పుణె, చెన్నైల్లోని ఇంజనీరింగ్ సేవల కంపెనీల్లో చేరే మన మెకానికల్ కుర్రాళ్లలో చాలామందికి మొదటి ఉద్యోగం ఈ జామెట్రీ క్లీనప్పే. దాన్ని కింది స్థాయి పనిగా చూసే అలవాటు ఉంది. ఆ అలవాటు తప్పు. లెక్క చేసే సాఫ్ట్‌వేర్ (సాల్వర్) ఎంత గొప్పదైనా దాని చేతికి వెళ్లే ఆకారాన్ని ఖరారు చేసేది క్లీనప్‌లో కూర్చున్న మనిషే.

సందు ఎలా పుడుతుందో చూడటానికి కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో అందరికీ తెలిసిన ఒక వస్తువును తీసుకుందాం. 1975లో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ తయారుచేసిన టీపాట్ మోడల్ అది. మొదట్లో అందులో 28 బైక్యూబిక్ బెజియర్ ప్యాచ్‌లు (సూత్రంతో రాసే వంపు తలపు ముక్కలు) ఉండేవి. అడుగు భాగం లేదు, అది తర్వాత ఎవరో చేర్చినది. బొమ్మగా చూపించడానికి అది చాలా చక్కటి మోడల్. అదే టీపాట్‌లో నీరు పోసి, ముక్కులోంచి ఎలా పడుతుందో సిమ్యులేట్ చేయాలంటే మాత్రం పని మొదటి అడుగులోనే ఆగిపోతుంది. గోడకు మందం లేదు. ముక్కు, పిడి రెండూ పొట్ట గోడలోకి దూసుకుపోయి ఉంటాయి కానీ గోడతో కలిసి ఉండవు. ముక్కు అతికిన చోట పొట్టకు రంధ్రమే లేదు, కాబట్టి లోపలి నీటికి ముక్కులోకి దారి లేదు. కంటికి కనిపించే ఆకారం వేరు, లెక్కకు పనికొచ్చే ఆకారం వేరు అని ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ ఇంకొకటి దొరకదు.

ఇప్పుడు ముక్కును, పొట్టను సరిగ్గా కలపాలి. అంటే ఆ రెండు తలాలు ఖండించుకునే గీతను కనుక్కుని, ఆ గీత వెంట రెండింటినీ కత్తిరించాలి. ఇక్కడే అసలు చిక్కు. ఒక బైక్యూబిక్ తలాన్ని బీజగణిత సమీకరణంగా రాస్తే దాని డిగ్రీ 18 వరకు వెళ్తుంది. అలాంటివి రెండు ఖండించుకున్నప్పుడు వచ్చే వక్రం డిగ్రీ 18ని 18తో గుణిస్తే వచ్చే 324 వరకు ఉండొచ్చు. అలాంటి వక్రాన్ని ఏ క్యాడ్ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టుగా దాచుకోలేదు. అందుకని ఆ గీత మీద కొన్ని బిందువులు లెక్కగట్టి, వాటి గుండా తక్కువ డిగ్రీ ఉన్న ఒక స్ప్లైన్‌ను (నున్నని వక్రాన్ని) పంపిస్తుంది. పైగా ఆ గీతను మూడు చోట్ల రాసుకుంటుంది. త్రీడీలో ఒకటి, ముక్కు తలం సొంత అక్షాల్లో ఒకటి, పొట్ట తలం సొంత అక్షాల్లో ఇంకొకటి. ఈ మూడూ ఒకే గీత కావాలి. అన్నీ ఉజ్జాయింపులే కాబట్టి కచ్చితంగా ఎప్పుడూ కావు. వాటి మధ్య మిగిలిపోయే సన్నని ఖాళీయే సందు. అది ఎవరో చేసిన తప్పు కాదు. ఇంజిన్ కవర్ నుంచి విమానం రెక్క దాకా, వంపు తలాలు కలిసే చోటల్లా ఎంతో కొంత ఉంటుంది.

మరి సొంత క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో అది ఎందుకు ఇబ్బంది పెట్టదు? ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ మోడల్‌ను రెండు పొరలుగా ఉంచుతుంది. ఒక పొరలో తలాలు, వక్రాలు, బిందువులు ఉంటాయి. ఇది జామెట్రీ. రెండో పొరలో ఏ ఫేస్‌కు ఏ ఎడ్జ్ (అంచు) హద్దు, ఆ ఎడ్జ్‌కు అటువైపు ఏ ఫేస్ ఉంది అనే చుట్టరికాలు ఉంటాయి. ఇది టోపాలజీ. ఒక ఘనానికి 6 ఫేస్‌లు, 12 ఎడ్జ్‌లు, 8 మూలలు. ప్రతి ఎడ్జ్‌నూ కచ్చితంగా 2 ఫేస్‌లు పంచుకుంటాయి. ఆ పంపకం ఎక్కడా తప్పకపోతే ఆకారం మూసుకున్నట్టే లెక్క. జామెట్రీలో చిన్న సందు ఉన్నా, అది తన టాలరెన్స్ (ఒప్పుకునే తేడా హద్దు) లోపల ఉన్నంతవరకు టోపాలజీ దాన్ని లేనట్టుగానే చూస్తుంది.

ఆ టాలరెన్స్ అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఒకటి కాదు. ఎన్‌ఎక్స్, సాలిడ్‌వర్క్స్, సాలిడ్ ఎడ్జ్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్లను నడిపే పారాసాలిడ్ కెర్నల్ (జామెట్రీ లెక్కలు చేసే మూల భాగం) దూరాలను 10⁻⁸ మీటర్ల వరకు, అంటే 0.00001 మి.మీ. వరకు వేరుచేసి చూస్తుంది. కాటియా వీ5 అనే ఇంకో క్యాడ్ సాఫ్ట్‌వేర్ మామూలుగా 0.001 మి.మీ. తో సరిపెట్టుకుంటుంది. కాటియాలో 0.001 మి.మీ. సందు ఉంటే అది సందే కాదు. అదే పారాసాలిడ్ కళ్లతో చూస్తే దాని హద్దుకు 100 రెట్లు పెద్ద పగులు. ఫైలు మారిన క్షణంలో ఆకారం ఏమీ మారలేదు, కొలిచే కన్ను మాత్రమే మారింది. డిజైనర్‌కూ అనలిస్ట్‌కూ మధ్య జరిగే వాదనకు చాలావరకు మూలం ఈ తేడాయే. పారాసాలిడ్ లాంటి కెర్నళ్లు ఇలాంటి ఎడ్జ్‌లకు విడిగా వదులైన టాలరెన్స్ ఇచ్చి నెట్టుకొస్తాయి. కానీ ఆ సమాచారం మెష్ వేసే సాఫ్ట్‌వేర్ (మెషర్) దాకా చేరాలి కదా.

చేరవేసే ఫైలు రకం కూడా తేడా తెస్తుంది. 1980లో వచ్చిన ఇగెస్ ఫైళ్లలో చాలావరకు తలాలు విడివిడిగా వస్తాయి. ఏది దేని పక్కదో తెలియదు, అవతల వాటి అంచులను కలిపి కుట్టుకోవాల్సిందే. 1994 నుంచి ఉన్న స్టెప్ ప్రమాణంలో టోపాలజీ కూడా వస్తుంది. ఎంత దూరం లోపల బిందువులను ఒకటిగా చూడాలో ఆ విలువ కూడా ఫైల్‌లోనే రాసి ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ఆ అంకె చూసుకోవచ్చు. ఎంత టాలరెన్స్‌తో కుట్టాలన్న ప్రశ్నకు అదే మొదటి ఆధారం. ఆ పనిని ఎక్కువమంది చేయరు, చేస్తే చాలా సమయం కలిసొస్తుంది.

ఎస్‌టీఎల్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1987లో త్రీడీ ప్రింటింగ్ కోసం పుట్టిన ఈ ఫార్మాట్‌లో ఉండేవి త్రిభుజాలు మాత్రమే. యూనిట్లు లేవు, పొరుగు త్రిభుజం ఏదో కూడా తెలియదు. బైనరీ రూపంలో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు. పక్కపక్క త్రిభుజాలు పంచుకునే మూలను ప్రతి త్రిభుజమూ తన కోసం మళ్లీ రాసుకుంటుంది. అక్షాంకాలు 32 బిట్ల సంఖ్యలు కాబట్టి దాదాపు 7 అంకెల వరకే నమ్మకం. వస్తువు మూలబిందువు దగ్గర ఉంటే ఇది సమస్య కాదు. దూరంగా ఉంటే పెద్ద సమస్య. హైదరాబాద్‌లోని ఒక ఎత్తైన భవనం చుట్టూ గాలి ఎలా వీస్తుందో చూడాలని సర్వే పటం నుంచి మోడల్ తీశారనుకుందాం. పటాల్లో స్థానాన్ని మీటర్లలో చెప్పే యూటీఎం అక్షాంకాల్లో హైదరాబాద్ భూమధ్యరేఖకు 19 లక్షల మీటర్లకు పైగా ఉత్తరాన ఉంటుంది. అంత పెద్ద సంఖ్య దగ్గర 32 బిట్ల లెక్కలో పక్కపక్క విలువల మధ్య దూరం 0.125 మీటర్లు. అంటే కిటికీ చట్రాలు, పిట్టగోడలు, స్తంభాల అంచులు అన్నీ 12.5 సెంటీమీటర్ల గడుల్లోకి జరిగిపోతాయి. కొన్ని త్రిభుజాలు గీతలుగా నలిగిపోతాయి, కొన్ని ఒకదానిలోకి ఒకటి దూరతాయి. ఆ తర్వాత ఎంత క్లీనప్ చేసినా పోయిన వివరం తిరిగి రాదు. ఎగుమతి చేయకముందే మోడల్‌ను మూలబిందువు దగ్గరికి జరిపితే ఈ బాధ అసలు ఉండదు. మరమ్మతులో అన్నిటికంటే చౌకైనది ఇలా ముందుగానే చేసేదే.

సందు తర్వాత ఎక్కువగా వేధించేది స్లివర్, అంటే అతి సన్నని పట్టీ లాంటి ఫేస్. పొడవు 40 మి.మీ., వెడల్పు 0.02 మి.మీ. ఉండే ఫేస్ ఒకటి రెండు పెద్ద ఫేస్‌ల మధ్య దాక్కుని ఉంటుంది. జూమ్ చేస్తే తప్ప కనిపించదు. మోడల్ మూసుకునే ఉంటుంది, సాలిడ్‌గా తప్పేమీ లేదు. కానీ మెషర్ ప్రతి ఎడ్జ్‌నూ, ప్రతి మూలనూ గౌరవించాలి. అక్కడ 2 మి.మీ. ఎలిమెంట్లు (మెష్ ముక్కలు) వేయమంటే పొడవు వెడల్పుల నిష్పత్తి 100కు చేరుతుంది. లేదంటే ఆ చుట్టుపక్కల లక్షల కొద్దీ చిన్న ఎలిమెంట్లు పుట్టుకొస్తాయి.

కారు క్రాష్ సిమ్యులేషన్‌లో దీని వెల తెలుస్తుంది. కాలాన్ని చిన్నచిన్న అడుగులుగా నడిపే ఎక్స్‌ప్లిసిట్ సాల్వర్‌లో ఒక్కో అడుగు ఎంత కాలం ఉండాలో మోడల్ మొత్తంలో అతి చిన్న ఎలిమెంట్ నిర్ణయిస్తుంది. ఆ ఎలిమెంట్‌ను శబ్ద తరంగం దాటే సమయం కంటే అడుగు పెద్దది కాకూడదు. ఉక్కులో శబ్ద వేగం సెకనుకు సుమారు 5,000 మీటర్లు. 5 మి.మీ. ఎలిమెంట్‌కు 1 మైక్రోసెకను. 100 మిల్లీసెకన్ల గుద్దును లెక్కించడానికి లక్ష అడుగులు. ఎక్కడో స్లివర్ వల్ల ఒకే ఒక్క ఎలిమెంట్ 0.5 మి.మీ. అయిందంటే అడుగులు 10 లక్షలు. ఒక రాత్రిలో అయ్యే రన్ రోజుల తరబడి సాగుతుంది. దీన్ని తప్పించుకోవడానికి ఆ ఎలిమెంట్‌కు కృత్రిమంగా బరువు పెంచే మాస్ స్కేలింగ్ ఉంది. ఒకటి రెండు చోట్ల అయితే ఫర్వాలేదు. వందల చోట్ల చేస్తే కారు బరువే మారిపోతుంది, గుద్దు శక్తి లెక్కా మారుతుంది. జామెట్రీలో బాగుచేయాల్సిన దాన్ని సాల్వర్ సెట్టింగ్‌లో కప్పెట్టడం ఏ రకంగానూ మంచిది కాదు.

అయితే స్లివర్‌ను తీసేయడానికి ఆకారాన్ని ముట్టుకోవాల్సిన పనే లేని దారి ఒకటి ఉంది. అదే వర్చువల్ టోపాలజీ. స్లివర్‌ను పక్క ఫేస్‌తో కలిపి, మెషింగ్ వరకు రెండూ ఒకటే అని చెప్పడం. తలాలు ఉన్నచోటే ఉంటాయి, వాటి మధ్య ఎడ్జ్‌ను మాత్రం మెషర్ పట్టించుకోదు. హైపర్‌మెష్ అనే మెషింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడ్జ్‌ను సప్రెస్ చేయడం (లేనట్టు దాచడం) కూడా ఇలాంటిదే. అందులో ఒంటరిగా మిగిలిన ఎడ్జ్ ఎరుపు, రెండు ఫేస్‌లు పంచుకునేది ఆకుపచ్చ, మూడు అంతకంటే ఎక్కువ ఫేస్‌లు కలిసేది పసుపు, సప్రెస్ చేసినది నీలం. అన్సా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో రంగులు వేరు. ఒంటరిది ఎరుపే కానీ ఇద్దరు పంచుకునేది పసుపు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారిన కొత్తవాళ్లు పసుపు చూసి కంగారుపడటం మామూలే. పని మొదలుపెట్టేటప్పుడు మోడల్ మొత్తాన్ని ఈ రంగుల్లో ఒకసారి తిప్పి చూస్తే రోగం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ఎరుపు ఒక చిన్న లూప్‌గా ఉంటే ఫేస్ పోయింది. పొడవుగా జంట గీతల్లా ఉంటే సందు. రేకు భాగం చివర అంతటా ఉంటే అది తప్పు కాదు, రేకుకు అంచు ఉండాల్సిందే.

సందును కుట్టడం దగ్గర చాలామంది చేసే పని, టాలరెన్స్‌ను ఎరుపు మాయమయ్యేదాకా పెంచుతూ పోవడం. తెరమీద పని అయిపోయినట్టే ఉంటుంది. టాలరెన్స్‌కు కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉన్నాయి. కింది హద్దు మోడల్‌లోని అతి పెద్ద సందు, పై హద్దు అదే మోడల్‌లోని అతి చిన్న నిజమైన వివరం. 0.8 మి.మీ. రేకు, అక్కడక్కడ 0.05 మి.మీ. సందులు ఉంటే 0.1 మి.మీ. తో కుట్టొచ్చు, హాయిగా సరిపోతుంది. అదే టాలరెన్స్‌ను 1 మి.మీ. చేస్తే రేకు పై తలం, కింది తలం ఒకదానికొకటి అతుక్కుని మందమే పోతుంది. మోడల్ మొత్తానికి ఒకే విలువ పెట్టడం కంటే చిన్న విలువతో మొదలుపెట్టి మిగిలిన సందులను ఒక్కొక్కటిగా చూడటం మేలు. అతి పెద్ద సందు అతి చిన్న వివరం కంటే పెద్దదిగా ఉన్న మోడళ్లూ వస్తాయి. అక్కడ ఏ టాలరెన్సూ పనిచేయదు. ఆ ఫేస్‌ను తీసేసి మళ్లీ కట్టాల్సిందే, లేదా సొంత క్యాడ్ నుంచి మళ్లీ ఎగుమతి చేయించుకోవాల్సిందే. రెండోది సాధ్యమైనప్పుడు మొదటిదాని జోలికి పోకూడదు.

పోయిన ఫేస్‌ను పూడ్చేటప్పుడు చుట్టూ ఉన్న ఎడ్జ్‌లు కలిస్తే చాలదు, తలం ఎలా వంగి కలుస్తోందో కూడా చూడాలి. బ్రాకెట్ అడుగున చదును ఫేస్ అయితే ఏ ప్యాచ్ అయినా ఒకటే. విమానం రెక్క ముందు అంచులో అయితే గాలి ఒత్తిడి ఆ వంపు మీదే ఆధారపడుతుంది. అంచులు మాత్రమే కలిసి వంపు కలవని ప్యాచ్ వేస్తే ఒత్తిడి గ్రాఫ్‌లో ఒక మొటిమ లాంటి ఉబ్బు వస్తుంది. దాన్ని చూసి డిజైన్ లోపమనుకుని రెక్కను మార్చబోయే ప్రమాదం ఉంది.

రెక్క వెనుక అంచు ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ దేన్ని సరైన ఆకారం అనాలన్నదే ప్రశ్న. సీఎఫ్‌డీ నేర్చుకునే ప్రతివారూ వాడే నాకా 0012 రెక్క కోతకు (అడ్డుకోత ఆకారానికి) ఒక సూత్రం ఉంది. ఆ సూత్రంలో పెట్టి చూస్తే వెనుక అంచు దగ్గర మందం సున్నా రాదు. పొడవులో 0.252 శాతం వస్తుంది. 1 మీటరు రెక్కకు 2.52 మి.మీ. మొద్దు అంచు. మెష్ వేసేవారికి ఆ చిన్న నిలువు ఫేస్ చికాకు, సూదిగా కలిపేస్తే సులువు. కలపడానికి మూడు దారులు ఉన్నాయి. సూత్రంలోని చివరి గుణకం 0.1015ను 0.1036గా మార్చడం ఒకటి. రెండు తలాలను అవి సహజంగా కలిసేదాకా పొడిగించి మళ్లీ 1 మీటరుకు కుదించడం ఇంకొకటి. చివర కొంచెం భాగాన్ని మాత్రం వంచి కలపడం మూడోది. రెండో దారిని నాసా లాంగ్లీ టర్బులెన్స్ మోడళ్ల పరీక్షలకు వాడుతుంది. దానివల్ల రెక్క గరిష్ఠ మందం 12 శాతానికి బదులు 11.894 శాతం అవుతుంది. మూడు దారుల్లో దేన్ని పట్టినా వచ్చేది కొంచెం వేరే రెక్క. ఎవరూ తప్పు చేయలేదు. కానీ ఏ దారి పట్టారో రాసిపెట్టకపోతే ఒకరి డ్రాగ్ (గాలి నిరోధం) లెక్క ఇంకొకరితో ఎందుకు కలవలేదో తేలదు.

డీఫీచరింగ్, అంటే లెక్కకు అక్కర్లేని వివరాలను తీసేయడం, కూడా మరమ్మతులో భాగమే. నట్టుబోల్టుల మరలు, చెక్కిన లోగోలు, సీరియల్ నంబర్లు తీసేయడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. గొడవంతా ఫిల్లెట్ల (మూలలకు ఇచ్చే గుండ్రని వంపుల) దగ్గర. ఫిల్లెట్లు మోడల్‌లో ఎలిమెంట్లను ఎక్కువగా తినేవి, స్లివర్లను ఎక్కువగా పుట్టించేవీ కాబట్టి అన్నిటినీ ఒకేసారి తీసేయాలనిపిస్తుంది. బయటి మూలల గుండ్రదనాన్ని తీసేస్తే స్ట్రెస్ (పదార్థం లోపలి ఒత్తిడి) లెక్కకు చాలావరకు నష్టం లేదు. లోపలి మూలది తీసేస్తే జవాబే చెడిపోతుంది. ఎల్ ఆకారపు బ్రాకెట్ లోపలి మూలలో 3 మి.మీ. ఫిల్లెట్ ఉంటే అక్కడ స్ట్రెస్‌కు ఒక నిర్దిష్టమైన విలువ ఉంటుంది, మెష్ సన్నబడే కొద్దీ లెక్క ఆ విలువకు చేరుతుంది. ఫిల్లెట్ తీసేసి పదునైన 90 డిగ్రీల మూలగా మారిస్తే ఎలాస్టిక్ సిద్ధాంతం ప్రకారం అక్కడ స్ట్రెస్ అనంతం. 1952లో ఎం.ఎల్. విలియమ్స్ ఈ మూలల లెక్కను తేల్చాడు. ఆ లెక్క ప్రకారం ఎలిమెంట్ సైజు సగం చేసిన ప్రతిసారీ మూల దగ్గర స్ట్రెస్ దాదాపు 37 శాతం పెరుగుతూ పోతుంది. ఏ అంకె వద్ద ఆగితే ఆ అంకె రిపోర్టులోకి ఎక్కుతుంది. అదే బ్రాకెట్ కంపన పౌనఃపున్యాలు కావాలంటే మాత్రం ఆ ఫిల్లెట్ ఉన్నా లేకున్నా తేడా స్వల్పమే. ఒకే భాగం, ఒకే ఫిల్లెట్. ఒక సిమ్యులేషన్‌లో తీసేయొచ్చు, ఇంకోదాంట్లో తీయకూడదు. 2 మి.మీ. కంటే చిన్న ఫిల్లెట్లన్నీ తీసేయాలి లాంటి కంపెనీ నియమాలు ఇక్కడే దెబ్బతింటాయి.

అసెంబ్లీల్లో ఇంకో రకం సందు ఉంటుంది. రెండు భాగాలు విడిగా చూస్తే నిర్దోషంగా ఉంటాయి, పక్కపక్కన పెడితే వాటి మధ్య 0.01 మి.మీ. ఖాళీ, లేదా అంతే లోతున ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటాయి. చిప్ మీది హీట్ సింక్‌ను తీసుకుంటే, ఆ ఖాళీ వల్ల రెండు భాగాల మెష్‌లు నోడ్‌లు (మెష్ బిందువులు) పంచుకోవు. రెండూ తాకుతున్నాయని సాల్వర్‌కు చెప్పే కాంటాక్ట్ నిర్వచించడం మరిచిపోతే వేడి చిప్ నుంచి సింక్‌కు దాటదు. ఉష్ణోగ్రత వందల డిగ్రీలు చూపిస్తే మంచిదే, పొరపాటు ఉందని వెంటనే తెలుస్తుంది. నమ్మదగినట్టు కనిపించే తప్పు ఉష్ణోగ్రత వచ్చినప్పుడే అసలు ప్రమాదం. తాకే ఫేస్‌లను ఒకదానిపై ఒకటి ముద్రించి పంచుకునేలా చేయడం దీనికి మందు. అయితే ఖాళీ పొరపాటున వచ్చిందా, లేక అక్కడ నిజంగా థర్మల్ పేస్ట్ ఉందా అని డిజైనర్‌ను అడిగాకే.

ఇంత పని లేకుండా పై నుంచి ఒక తొడుగు వేసేస్తే సరిపోదా అన్నది సీఎఫ్‌డీ వాళ్ల ప్రశ్న. స్టార్-సీసీఎం ప్లస్‌లో సర్ఫేస్ ర్యాపర్, ఫ్లూయెంట్‌లో ఫాల్ట్ టాలరెంట్ మెషింగ్, ఓపెన్‌ఫోమ్‌లో స్నాపీహెక్స్‌మెష్ ఈ దారిలోనివే. కారు బానెట్ కింద ఉండే వేల భాగాలను ఒక్కొక్కటిగా కుట్టడం కుదరని పని, అక్కడ ర్యాపింగ్ తప్ప గతి లేదు. స్నాపీహెక్స్‌మెష్‌లో ద్రవం ఎక్కడుందో ఒక బిందువుతో చెబుతాం. అక్కడి నుంచి చేరగలిగిన గడులన్నీ ద్రవం అవుతాయి. చిల్లు గడి కంటే చిన్నదైతే ద్రవం దాటదు, పెద్దదైతే కారు లోపలికి గాలి జొరబడి సీట్ల చుట్టూ కూడా మెష్ వేసేస్తుంది. అంటే మోడల్ వాటర్‌టైట్ అవునా కాదా అన్నది కూడా గడి సైజును బట్టి మారేదే. ఈ పద్ధతిలో నష్టం కూడా అదే కొలతలో ఉంటుంది. ర్యాపర్‌కు తప్పుడు సందు ఏదో, నిజమైన సందు ఏదో తెలియదు. రేడియేటర్‌కూ దాని చట్రానికీ మధ్య గాలి తప్పించుకునే సన్నని దారిని, టర్బైన్ బ్లేడ్ కొనకూ కేసింగ్‌కూ మధ్య ఉండే ఖాళీని కూడా అది మూసేస్తుంది. ఆ ఖాళీలే అక్కడ సామర్థ్యాన్ని తేల్చేవి. అలాంటి చోట్లను ముందే గుర్తించి, వాటికి విడిగా చిన్న సైజు ఇవ్వాలి.

మరమ్మతు పూర్తయిందని ఎరుపు రంగు పోయినంత మాత్రాన నిర్ధారించుకోకూడదు. అన్నిటికంటే ముందు యూనిట్లు. మిల్లీమీటర్లలో గీసినది మీటర్లుగా, అంగుళాల్లో గీసినది మిల్లీమీటర్లుగా చదివితే 1000 రెట్లు, 25.4 రెట్లు తేడా. కొలతలు మి.మీ.లో, బరువు టన్నుల్లో, కాలం సెకన్లలో పెట్టే పద్ధతిలో ఉక్కు సాంద్రత 7.85 × 10⁻⁹ అని రాయాలి. 7850 అని రాసినా సాల్వర్ నోరెత్తదు. తర్వాత వాల్యూమ్, ఉపరితల వైశాల్యం, గరిమనాభి. ఈ మూడింటినీ అసలు క్యాడ్‌లోని విలువలతో పోల్చాలి. వాల్యూమ్ ఒక్కటే చూస్తే చాలదు, ఒకచోట పెరిగి ఇంకోచోట తగ్గితే మొత్తం అలాగే ఉంటుంది. బాగుచేసిన తలం అసలు తలం నుంచి ఎక్కడ ఎంత జరిగిందో రంగుల్లో చూపే డీవియేషన్ మ్యాప్ వీటన్నిటికంటే నమ్మదగినది. అందులో గరిష్ఠ మార్పు తయారీ టాలరెన్స్ కంటే తక్కువ ఉంటే నిశ్చింతగా ముందుకు పోవచ్చు. ఎందుకంటే ఫ్యాక్టరీలో తయారయ్యే భాగాలు కూడా ఒకదానికొకటి అంత తేడాతోనే వస్తాయి.

చివరికి డిజైన్ మారుతుంది. రివిజన్ ఎ మీద వారం రోజులు కష్టపడి చేసిన క్లీనప్, ఒక రంధ్రాన్ని 4 మి.మీ. పక్కకు జరిపిన రివిజన్ బి రాగానే చెల్లకుండా పోతుంది. అందుకే మరమ్మతును ఎక్కడ చేశామన్నది ఎలా చేశామన్నంత ముఖ్యం. లోగోలు, బయటి గుండ్రదనాలు తీసేయడం లాంటివి సొంత క్యాడ్‌లోనే ఒక సరళ కాన్ఫిగరేషన్‌గా ఉంచితే కొలత మారినప్పుడు అవి వాటంతటవే సర్దుకుంటాయి. ఎగుమతి తర్వాత చేయక తప్పనివాటిని స్క్రిప్టుగా రికార్డు చేసుకోవచ్చు. అది సగం పనిచేసినా లాభమే. స్క్రిప్టుకు లొంగనివి, అంటే చేత్తో కట్టిన ప్యాచ్‌లు, ఒక్కో సందుకు విడిగా ఎంచుకున్న టాలరెన్స్‌లు, కావాలని వదిలేసిన ఫిల్లెట్లు, వీటిని కారణంతో సహా మోడల్ పక్కనే రాసి ఉంచాలి. ఆ రాత లేకపోతే రివిజన్ సి వచ్చేనాటికి లోపలి మూలలోని ఫిల్లెట్‌ను ఎవరైనా ఆలోచించి తీసేశారా, పొరపాటున పోయిందా అన్నది ఆ టీమ్‌లో ఎవరూ చెప్పలేరు.